పన్ను కోసం పెట్టిన పొయ్యి

నా కొడుకు నా ఇంట్లో కిరాయికి ఉంటున్నాడట. ఈ సంగతి నాకు మొన్న ఒక ఆదివారం పొద్దున తెలిసింది. కరీంనగర్‌లో మా ఆయన అప్పు చేసి కట్టిన ఇల్లిది. ఆయన పోయాక నా పేరుకు మారింది. శ్రీకాంత్ ఇక్కడే పెరిగాడు, ఇక్కడినుంచే బడికి పోయాడు, పెళ్ళాన్ని ఇక్కడికే తెచ్చుకున్నాడు. అలాంటివాడు చాయ్ తాగుతూ టీపాయ్ మీద పన్నెండు కాగితాలు పరిచి, "అమ్మా, వీటి మీద జర సంతకాలు పెట్టు," అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే అన్నీ రసీదులు. ఫలానా నెల ఇంటి కిరాయి కింద ఇంత ముట్టిందని నేను రాసి ఇస్తున్నట్టు, నెలకొకటి. ఆ సొమ్ములో ఒక్క పైసా నేను కళ్ళజూసింది లేదు. వాడితోపాటు ఆడిటర్ పిల్లవాడొకడు వచ్చాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒకటే నవ్వు. నవ్వుతూ కాగితం చాపేవాళ్ళంటే నాకు చిన్నప్పటినుంచీ గుబులు.

"ఆంటీ, అన్నకు జీతంల ఇంటి కిరాయి అలవెన్సు వస్తది," అని మొదలుపెట్టాడు ఆ పిల్లవాడు. "కిరాయి కడ్తున్నట్టు చూపిస్తే దాని మీద పన్ను తగ్గుతది. ఇల్లు మీ పేరు మీద ఉన్నది కాబట్టి మీకే కడ్తున్నట్టు రాస్తం. మీ పెన్షను, గీ కిరాయి రెండు కలిపినా మీకు పన్ను పడదు. మీకు పోయేదేం లేదు. అందరు చేస్తున్నదే. ఉత్త కాగితమే ఆంటీ."

నేను ముప్పై ఏళ్ళు చొప్పదండి చుట్టుపక్కల బళ్ళలో లెక్కలు చెప్పినదాన్ని. ఆ కుర్రవాడి లెక్క నాకు అర్థం కాక కాదు. కానీ 'ఉత్త కాగితమే' అన్న మాట చెవిన పడగానే కలం పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. చూసి పెడతానన్నాను. "గీ నెలాఖరుకు ఆఫీసుల ఇయ్యాలె అమ్మా, ఫికర్ చెయ్యకు," అని నా కొడుకు లేచిపోయాడు. నా ఫికర్ పన్ను గురించి కాదు. ఇలాంటి ఉత్త కాగితం ఒకటి మా పుట్టింటిని రెండు ముక్కలు చేయడం నేను కళ్ళారా చూశాను. ఈ కాగితాల మీద సంతకం పెట్టాక నేనూ నా కొడుకూ తల్లీకొడుకులుగానే మిగులుతామా, లేక ఇంటావిడా కిరాయిదారూ అవుతామా అన్నది నా భయం. ఈ మాట పైకి అంటే ఇంట్లో నవ్వుతారు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

అనుమానం నాకు పుట్టింటినుంచి వచ్చిన ఆస్తి. మాది భైంసా. పత్తి మొదలైతే ఊరి బయటినుంచి మా వీధి దాకా బండ్లు బారులు తీరేవి. మా ఇంటి వెనకే చిన్న జిన్నింగ్ మిల్లు ఉండేది. పత్తిలోంచి గింజ తీసే ఆ మిషన్ల చప్పుడు పొద్దున లేచినప్పటినుంచీ గోడల్లో వణుకుతూ ఉండేది. దూది నలకలు కనుబొమల మీద, అన్నం మీద, దేవుడి పటాల మీద పేరుకునేవి. మిల్లులోంచి గింజల వాసన, మిషన్లకు వేసే నూనె వాసన, బర్రెల కొట్టంలోంచి తడిసిన తవుడు వాసన కలిసి మా ఇంటికి ఒక వాసన ఉండేది. పెళ్ళై కరీంనగర్ వచ్చాక నా పెట్టెలోని చీరల్లోంచి కూడా కొన్నాళ్ళపాటు అదే వాసన వచ్చేది. బాపు, అంటే మా నాన్న, మిల్లు చూసుకునేవాడు. ఆయన తమ్ముడు, మా కాక, మార్కెట్లో పత్తి కొనేవాడు. మా అమ్మను అవ్వ అనేవాళ్ళం. ఆమే, కాక భార్య చిన్నమ్మా కలిసి వంట చేసేవాళ్ళు. ఇంటికి పెద్ద బాపమ్మ, అంటే మా బాపు తల్లి. కాక కూతురు పద్మా నేనూ ఒకే ఈడు. ఇద్దరం ఒకే పళ్ళెంలో తినేవాళ్ళం. జొన్నరొట్టె మధ్యకు విరిచి, శనగపిండి పిట్ల అటు కొంత ఇటు కొంత జరిపి, చివరి ముద్ద కోసం కొట్టుకునేవాళ్ళం.

అంతమందికీ పొయ్యి ఒక్కటే, భయమూ ఒక్కటే. ఇన్‌కంట్యాక్స్. మా బాపు దొంగ కాడు, కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం. ఇంట్లో నెయ్యి కాస్తే వీధి వైపు కిటికీలు మూయించేవాడు, వాసన బజారుకు పోతే ఎవడైనా చెవిన వేస్తాడని. ఇంటి లోపలి గోడలకు పచ్చ రంగు, బయటి గోడలకు ఏళ్ళ తరబడి సున్నం కూడా లేదు. మా అవ్వ కొత్త చీర కట్టుకుంటే ముందు ఇంట్లో నాలుగుసార్లు కట్టి ఉతికి, కాస్త వెలిశాక గాని బయటికి కట్టుకుపోకూడదు. ఒకసారి గాజులమ్మే ముసలాయన వచ్చి, "ఇంట్ల ఆడోళ్ళెంతమంది?" అని అడిగాడు, గాజుల లెక్క కోసమే. బాపు ఆయన మీదికి లేచి, "ఎందుకు? ఎవడు పంపిండు నిన్ను?" అని గల్లీ చివరి దాకా తరిమాడు. పాపం ఆ ముసలాయన మళ్ళీ మా వీధి తొక్కలేదు. మేం ఆడపిల్లలం ఆ ఏడు పాత గాజులతోనే పండగ చేసుకున్నాం. బయటివాళ్ళను అనుమానించే ఆ ఇంట్లో లోపలివాళ్ళ మీద మాత్రం ఎవరికీ అనుమానం ఉండేది కాదు. ఆ సంగతి అప్పుడు తెలియలేదు, పోయాక తెలిసింది.

నెలకోసారి నిజామాబాద్ నుంచి బస్సులో వకీల్ సాబ్ వచ్చేవాడు. కోర్టు వకీలు కాదు, పన్నుల కాగితాలు చూసే మనిషి. ఎండాకాలంలో కూడా నల్ల కోటు, కాలరు మాసిపోకుండా మెడ చుట్టూ చేతిరుమాలు. రొట్టెలు తిని, మజ్జిగ తాగి, నోరు తుడుచుకున్నాక గాని పని మాట ఎత్తేవాడు కాదు. ఒకసారి అలా నోరు తుడుచుకుని బాపుకూ కాకకూ ఒక ఉపాయం చెప్పాడు. మిల్లు రాబడి అంతా ఉమ్మడి కుటుంబం కింద ఒక్క లెక్కలో పోతోంది కాబట్టి పన్ను పెద్ద రేటులో పడుతోందట. అన్నదమ్ములు పంచుకున్నట్టు రాసుకుంటే లెక్కలు రెండై, రేటు తగ్గుతుందట.

"ఒక్క మూట ఒక్కడు మోస్తే నడుము ఇరుగుతది. రెండు మూటలు చేసి ఇద్దరు మోస్తే ఏం బరువు?" అన్నాడు వకీల్ సాబ్.

"అంటే ఏరు పడుమంటున్నవా?" అన్నాడు కాక.

"అరే, నిజంగ కాదు. కాగితం మీదనే. ఇంట్ల ఎప్పటిలెక్కనే ఉండుండ్రి, ఎప్పటిలెక్కనే తినుండ్రి. కాకపోతే ఆఫీసోళ్ళు ఊకే నమ్మరు. వచ్చి చూస్తరు, ఇంటోళ్ళను అడుగుతరు. వంట ఏరేనా అని చూస్తరు. అందుకని పొయ్యిలు రెండుండాలె. ఉత్తగ కట్టి పెడితె కాదు, మసి ఉండాలె, బూడిద ఉండాలె."

బాపమ్మ గోడకు ఆనుకుని మిల్లు దూదితో ఒత్తులు చేస్తోంది. తర్వాత వారంలోనే పడమటి అర్రలో రెండో పొయ్యి లేచింది. చిన్నమ్మే మట్టి తొక్కి కట్టింది, ఎర్రమన్ను అలికి ముగ్గు కూడా వేసింది. మాకు అదో ఆట. పద్మా నేనూ పెద్దవాళ్ళ దగ్గర పాఠం అప్పజెప్పేవాళ్ళం. "మీరెక్కడ తింటరు?" అని బాపు అడిగితే నేను "తూర్పు అర్రల," అనాలి, పద్మ "పడమటి అర్రల," అనాలి. తప్పు చెబితే మొట్టికాయ. అప్పజెప్పడం అయ్యాక ఇద్దరం కలిసి ఒకే పళ్ళెం ముందు కూర్చునేవాళ్ళం.

చిక్కు వచ్చింది మసితోనే. మసి పట్టాలంటే రోజూ పొయ్యి వెలిగించాలి. మా బాపమ్మకు ఒక పట్టింపు ఉండేది. ఉత్త పొయ్యి మండకూడదు, మండితే ఇంటికి అరిష్టం. ఏదో ఒకటి దాని మీద ఉడకాలి. అందుకని మొదట్లో చిన్నమ్మ నీళ్ళ కాగు ఎక్కించేది. ఆ నీళ్ళతో మేం తానాలు చేసేవాళ్ళం. కొన్నాళ్ళకు కట్టెలు ఎట్లాగూ కాలుతున్నాయి కదా అని అక్కడే చాయ్ పెట్టడం మొదలైంది. తర్వాత పాలు. ఒకరోజు పద్మకు జ్వరమొస్తే చిన్నమ్మ దానిమీద జావ కాచింది. ఇదంతా అందరి కళ్ళ ముందే జరిగింది, ఎవరూ తప్పు పట్టలేదు. అయితే మా అవ్వ ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, గొంతు తగ్గించి, "పోయి సూసిరా పిల్లా, గాడ ఏమో పోపు వాసనొస్తున్నది," అంది. ఆ మాట అంతకుముందు మా ఇంట్లో ఎవరూ అనలేదు. నేను వెళ్ళి చూశాను. జీలకర్ర వేసిన చారు. పద్మకు నోరు చేదుగా ఉందని చిన్నమ్మ చేసిందది. నేను వచ్చి, "చారు పెట్టింది, మంచి వాసనొస్తున్నది," అని మాత్రమే చెప్పాను. ఎందుకు పెట్టిందో చెప్పలేదు. వేగుకు పోయినవాళ్ళు మసాలా వేయకుండా తిరిగిరారు కదా. ఆ రోజునుంచి ఇంట్లో మూతలు తీసి చూడడాలు, కట్టెల మోపు వంక చూపులు, నెయ్యి గిన్నెకు గోరుతో గుర్తులు మొదలయ్యాయి. అవ్వ చిన్నమ్మను చూసేది, చిన్నమ్మ అవ్వను చూసేది, మేమిద్దరం ఇద్దరినీ చూసేవాళ్ళం. ఆ చారు సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నాకు నా మీదే కోపం వస్తుంది.

చివరికి ఆఫీసునుంచి కాగితం వచ్చింది. ఫలానా రోజు అధికారి వచ్చి విచారిస్తాడనీ, ఇంట్లో పెద్దవాళ్ళందరూ వాంగ్మూలం ఇవ్వాలనీ. పెద్దవాళ్ళంటే బాపమ్మ కూడా. వకీల్ సాబ్ మూడు రోజుల ముందే దిగాడు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఏమడిగితే ఏం చెప్పాలో నేర్పాడు. బాపమ్మ దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది.

"నేను అబద్దం చెప్ప," అంది బాపమ్మ. "మా ఇంటాయన సచ్చిన కాడినుంచి బాకీదార్లకు గూడ అబద్దం చెప్పలే. సర్కారు మనిషి ముంగట కూసోని, ఆయన మొగం మీద చెప్పుమంటరా?"

"అమ్మా, గిది అబద్దం కాదు. ప్లానింగు," అన్నాడు వకీల్ సాబ్.

"గా మాటకు తెలుగుల ఏమంటరు?"

వకీల్ సాబ్ కోటు జేబులు తడుముకున్నాడు. బాపు వచ్చి బతిమాలాడు. ఇప్పుడు కాదంటే పన్నుకు తోడు జుర్మానా పడుతుందనీ, మిల్లు అమ్ముకోవాల్సి వస్తుందనీ, ఇజ్జత్ పోతుందనీ చెప్పాడు. కాక కూడా పక్కనే నిలబడి తల ఊపాడు. బాపమ్మ చేతిలోని ఒత్తి నలిపి పక్కన పెట్టి, "సరే, ఏరు పడ్డరనే చెప్త. మీరు పొండ్రి," అంది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆ ముసలామె ఇంత సులువుగా దారికొచ్చిందేమిటని అనుమానించవలసిన చోట మాత్రం, అన్నిటినీ అనుమానించే మా ఇంట్లో ఒక్కరూ అనుమానించలేదు.

అధికారి రావడానికి ముందు రోజు పొద్దున్నే బాపమ్మ తానం చేసి, కొంగు నడుముకు చెక్కి, వంటింట్లో ఉన్న గిన్నెలూ గంజులూ అన్నీ వాకిట్లోకి మోయించింది. ఇత్తడివి ఒక వరస, రాగివి ఒక వరస. ఒక్కోదాన్ని చింతపండుతో తోమి, కడిగి, తుడిచి, ఎండలో పెట్టి, ఒకటి తూర్పు అర్రకు, ఒకటి పడమటి అర్రకు పంపడం మొదలుపెట్టింది. "గిదేందవ్వా?" అని బాపు అడిగితే, "రేపు ఏరు పడ్డరని చెప్పాలె గద. చెప్పేది నిజం జేస్తున్న," అంది. బాపు నవ్వబోయి ఆగిపోయాడు. జొన్నల గుమ్మి తీయించి శేరుతో కొలిచి రెండు కుప్పలు పోయించింది. మామిడికాయ తొక్కు జాడీ ఒక్కటే ఉంటే గరిటె గరిటె లెక్కపెట్టి సగం ఇంకో జాడీలోకి తీసింది. బర్రెలు రెండే. పాలిచ్చేది పద్మ తర్వాత పుట్టిన పసిపిల్లాడున్న కాకకు, సూడిది మాకు. రోలు మాకు, ఇసుర్రాయి వాళ్ళకు. పద్మా నేనూ తినే పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి దాన్ని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూసి పద్మ చేతికిచ్చింది. నేను ఏడ్చాను. పద్మ ఆ పళ్ళేన్ని వీపు వెనక దాచుకుని పడమటి అర్రలోకి పోయింది.

పొద్దంతా సాగింది ఆ పంపకం. బాపు, కాక ముందరి వసారా, అదే సాయబాన్‌లో చెరో మూల కూర్చున్నారు. మధ్యాహ్నం తిండి కూడా లేదు. అవ్వ చెవిలో బాపు, "గిది వాని పనే. మా అవ్వను వాడే ఎక్కిచ్చిండు. వానికి ముందునుంచే ఏరుండాల్నని ఉన్నది," అనడం నేను విన్నాను. సాయంత్రం బర్రెల కొట్టం దగ్గర పద్మ కలిస్తే ఆ మాట చెప్పాను. "మా బాపు గూడ గదే అన్నడే. పెదబాపే చేపిస్తుండని," అంది పద్మ. ఇద్దరం పిల్లలం కాబట్టి ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకోగలిగాం. వాళ్ళిద్దరూ పెట్టుకోలేకపోయారు. మేమైనా పోయి చెప్పొచ్చు, చెప్పలేదు. పెద్దవాళ్ళ మాటలు మోసినందుకు తన్నులు తప్పవని భయపడ్డాం. ఎదుటివాడికి వేరు పడాలని ఉందేమో, నేను వద్దంటే చులకనైపోతానేమో అని ఎవరికి వాళ్ళు బిగుసుకుని కూర్చున్నారు. పొద్దుగూకే వేళకు ఆఖరి గంజు కూడా లోపలికి పోయింది. బాపమ్మ వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, గడప మీద కూర్చుంది.

మర్నాడు అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, మాటను బట్టి కోస్తావాడు. మేం ఊహించుకున్న బూచాడు కాడు. చెప్పులు గడప బయట విడిచి లోపలికి వచ్చాడు. మిల్లు చూశాడు, కాగితాలు చూశాడు. పడమటి అర్రలోకి పోయి పొయ్యి లోపలి గోడకు వేలు రాసి మసి చూసుకున్నాడు. గిన్నె మీద మూత తీస్తే వేడి వేడి చిక్కుడుకాయ కూర. ఆ పొయ్యి మీద ఉడికిన మొదటి పూర్తి పూట వంట అదే. నన్నూ పద్మనూ అడిగాడు, అప్పజెప్పినట్టే చెప్పాం. తర్వాత బాపమ్మ ముందు పీట వేసుకుని కూర్చున్నాడు.

"అమ్మా, మీ కొడుకులు వేరు పడ్డారా?"

"పడ్డరు బిడ్డా. నా చేతులతోని నేనే పంచిన. గంజులు పంచిన, జొన్నలు పంచిన, బర్లను పంచిన."

వకీల్ సాబ్ మెడ చుట్టూ ఉన్న చేతిరుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. కాగితాల్లో రాసుకున్న పంపకం ఏనాటిదో, బాపమ్మ పంచింది నిన్న. ఎప్పుడని ఆయన అడిగి ఉంటే "నిన్ననే," అని ఆమె చెప్పి ఉండేది, అందులో నాకు సందేహం లేదు. ఆయన మాత్రం ఆమె మొహంలోకి కాసేపు చూసి, తల దించుకుని రాసుకున్నాడు. ఇంత దుఃఖంగా అబద్ధం చెప్పేవాళ్ళను ఆయన ఎక్కడా చూసి ఉండడు. వేలిముద్ర తీసుకుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం బాపు జిలేబీలు తెచ్చాడు. పొట్లం చేత్తో పట్టుకుని అందరికీ కనిపించేలా నడిచి వచ్చాడు, అలా రావడం అదే మొదటిసారి. "అయిపోయిందవ్వా, పీడ పోయింది. గంజులన్ని ఇగ ఇటు తెప్పియ్యి," అన్నాడు. బాపమ్మ జిలేబీ ముట్టలేదు. "పొద్దుగాల సర్కారు మనిషికి ఏరు పడ్డరని చెప్పిన. పొద్దుగూకంగనే కలిసిరని చెప్పుమంటవా? నా నోరు నోరు కాదా?" అంది. బాపు కాక వంక చూశాడు. కాక బాపు వంక చూశాడు. అప్పుడైనా ఎవరో ఒకరు ఆమె కాళ్ళు పట్టుకుని ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. కాక లేచి పడమటి అర్రలోకి పోయాడు. అవ్వ మా వాటా జిలేబీలు మా గిన్నెలో పెట్టి, మిగిలినవి నా చేత అటు పంపింది.

పన్ను తగ్గింది, వకీల్ సాబ్ చెప్పింది నిజమే. అలా మిగిలిన డబ్బుతో కాక వేరే జిన్నింగ్ షెడ్డు వేసుకున్నాడు. తర్వాత ఒకే మార్కెట్లో అన్నదమ్ములిద్దరూ ఒకరి మీద ఒకరు ధర పెంచి పత్తి కొన్నారు. కొన్నేళ్ళకు మా మిల్లూ కాక షెడ్డూ వేరేవాళ్ళవయ్యాయి. బాపమ్మ పదిహేను రోజులు ఇటు, పదిహేను రోజులు అటు తినేది. ఇటు వచ్చినప్పుడు అటు ఏం పెట్టారని అవ్వ అడిగేది, అటు పోయినప్పుడు చిన్నమ్మా అదే అడిగేదట. ఆమె ఎవరికీ జవాబు చెప్పేది కాదు. నా మట్టుకు నేను చిన్నమ్మనే అనుమానించాను. ఆమే బాపమ్మకు చెవిలో ఊది ఈ పని చేయించిందని ఎన్నో ఏళ్ళు నమ్మాను. పద్మ పెళ్ళికి కూడా అంటీముట్టనట్టే వెళ్ళి వచ్చాను.

నేను కాలేజీలో ఉండగా ఒకసారి, బాపమ్మ మా వంతులో ఉన్నప్పుడు, ధైర్యం చేసి అడిగాను. "నిజం చెప్పు బాపమ్మా. నిన్ను ఎవరు ఎక్కిచ్చిండ్రు?"

"నువ్వు గూడ గట్లనే అనుకుంటున్నవా," అంది. "గంజులు పంచుడు ఎంతసేపటి పనే? గంట పని. నేను పొద్దంత ఎందుకు చేసిన? తోమిందే తోమిన, తుడిచిందే తుడిచిన. ఇద్దర్ల ఒక్కడన్న లేసి, ఒద్దవ్వా, గా పన్నేదో కడ్తం, గంజులు ఉన్నకాడనే ఉండనియ్యి అంటడని చూసిన. ఒక్కడు లెవ్వలే."

నేను నమ్మలేదు. ముసలితనంలో తన తప్పును కప్పిపుచ్చుకోవడానికి అల్లిన కథ అనుకున్నాను. అంతటి అనుమానం మరి, రక్తంలో ఉన్నది ఎక్కడికి పోతుంది. ఆమె పోయినప్పుడు రెండు ఇళ్ళవాళ్ళం కలిసే ఏడ్చాం, వేరువేరుగా తిన్నాం.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటే, అప్పుడు అబద్ధం ఆడాలంటే ఎంతో కష్టపడాలి. మట్టి తొక్కి పొయ్యి కట్టాలి, కట్టెలు కాల్చి మసి పట్టించాలి, పిల్లలకు నేర్పాలి, ఎదురుగా కూర్చున్న మనిషి కళ్ళలోకి చూడాలి. ఆ కష్టంలో ఎక్కడో ఒకచోట మనిషికి సిగ్గు వేసే అవకాశం ఉండేది. ఇప్పుడు నా ఇంటికి ఎవరూ రారు, గిన్నె మూత ఎవరూ తీసి చూడరు. నా పాన్ కార్డు ఫోటో తీసుకుంటే చాలు, మిగతాది ఆ నవ్వే పిల్లవాడి ల్యాప్‌టాప్ చూసుకుంటుంది. అప్పటి మనుషులు గొప్పవాళ్ళని నేననను. మా బాపు ఇవాళ ఉంటే పన్నెండు కాదు, ఇరవై నాలుగు రసీదులు రాయించేవాడు. నా కొడుకూ చెడ్డవాడు కాడు. నాకు ఒంట్లో బాగాలేనప్పుడు సెలవు పెట్టి దవాఖానలో నా పక్కన కూర్చున్నవాడు.

మూడు రోజుల తర్వాత శ్రీకాంత్ మళ్ళీ అడిగాడు. "సంతకాలు చేసినవా అమ్మా?"

"ఇగ ముందు నెలనెలా నిజంగ కిరాయి కట్టు, గా నెలకు గా నెల రసీదు రాసిస్త," అన్నాను. "అయిపోయిన నెలలకు మాత్రం రాయ."

వాడు నవ్వాడు. "నీకిచ్చి మల్ల నీ దగ్గర్నే తీసుకోవాల్నా?"

"తీసుకునుడు లేదు. కిరాయంటే కిరాయే."

వాడి నవ్వు ఆగింది. వంటింటి గుమ్మంలో కోడలు స్వప్న చేతిలో గరిటెతో నిలబడిపోయింది. వాడు ఆడిటర్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "గదింకా మంచిదన్నా, పక్కాగ ఉంటది," అని ఆ పిల్లవాడి గొంతు సంతోషంగా వినిపించింది. నేను నా గదిలోకి వచ్చి కూర్చున్నాను. దాచుకోవడం ఎందుకు, నాకు ఆ డబ్బు అక్కర్లేదు. వాడు వచ్చి, ఒద్దమ్మా, గా పన్నేదో నేను కడ్త, అంటాడని ఎదురుచూశాను. ఆ మాట అంటే ఆ కాగితాలు వాడి ముందే చించి పొయ్యిలో పడేద్దామనుకున్నాను. వాడు గది ముందునుంచి పోయినప్పుడల్లా చదువుతున్న పేపరు దించాను. అప్పుడు తెలిసింది నాకు, బాపమ్మ చెప్పింది అక్షరాలా నిజమని. ఇంకొకటి కూడా తెలిసింది. పరీక్ష పెట్టేవాళ్ళకే అది పరీక్ష. అది పరీక్షని ఎదుటివాడికి ఎవరూ చెప్పరు కదా. అది తెలిసి కూడా నేను లేచి పోయి వాడితో ఒక్క మాట అనలేకపోయాను. నేనే నోరు తెరిచి అడిగితే వాడు అనే మాటకు విలువేముందని నా బింకం.

నెల మొదటి తారీఖు పొద్దున నేను తులసికి నీళ్ళు పోస్తుంటే ఫోన్ టింగుమంది. కిరాయి జమ అయింది. "వచ్చిందా అమ్మా, జర చూస్కో," అని శ్రీకాంత్ స్కూటర్ తీస్తూ అడిగాడు. వచ్చిందన్నాను. వాడు వెళ్ళాక కోడలు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మంచి పిల్ల. ఇన్నేళ్ళలో ఇంట్లో ఏది చెడిపోయినా తనే మనిషిని పిలిపించి, చేయించి, తర్వాత నాకు మాటవరసకు చెప్పేది.

"అత్తమ్మా, వెనకాల బాత్రూంల నల్లా కారుతున్నది," అంది. "మీరు చేయిస్తరా?"

చేయిస్తానన్నాను. లోపలికి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ నెల రసీదు రాసి సంతకం చేశాను. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.